సంతకం పెట్టిన మనిషి

అప్పులేనివాడే అధిక సంపన్నుడని పెద్దలన్నారు. ఆ అన్నవాళ్ళ ఇల్లు వానకి కారి ఉండదు. టైలరమ్మని అడిగితే, అప్పు లేని మనిషంటే అప్పు పుట్టని మనిషే, అందులో వేరే గొప్పేమీ లేదంటుంది. ఆమెకి పుట్టింది. ఒకచోట కాదు, అయిదు చోట్ల. రెండు గదుల ఇంటికి బ్యాంకులో, కుట్టు మిషనుకి వాయిదాల షాపులో, సరుకులకి కిరాణా కొట్లో, పిల్లాడి కాలు విరిగినప్పుడు ఆడపడుచు దగ్గర, ఇంటి కప్పు కారినప్పుడు మొగుడి ఫ్యాక్టరీలో కార్మికుల సంఘం దగ్గర. అయిదింటినీ అయిదుగురు పిల్లల్ని సాకినట్టు సాకుతోంది. ఎవరు ఎప్పుడు ఏడుస్తారో, ఎవర్ని కాసేపు ఏడవనిచ్చినా ఫరవాలేదో ఆమెకి బాగా తెలుసు.

ఆమె పేరు వీధిలో ఎవరూ వాడరు. ముందుగదిలో సగం కుట్టు మిషను, సగం కుట్టాల్సిన బట్టలు. కిటికీ ఊచలకి హ్యాంగర్లు, ఎంత ఊడ్చినా పోని దారపు ముక్కలు. ఆమెకంటే బాగా కుట్టేవాళ్ళు చుట్టుపక్కల లేకపోలేదు. అయినా జనం ఆమె దగ్గరికే వస్తారు. గురువారం ఇస్తానన్న బట్ట గురువారానికి అవదనుకుంటే, మంగళవారమే చెప్పులేసుకుని వాళ్ళింటికి వెళ్ళి చెప్పి వస్తుంది. వాళ్ళు కసురుకుంటారు, కసురుకోనీ. ముందు చెప్తే ఆలస్యం, తర్వాత చెప్తే సాకు అని ఆమె సిద్ధాంతం. టైలర్ల వృత్తికే ఇది తలవంపులని తోటి టైలర్లు అనుకుంటూ ఉండేవారు.

ఒక సాయంత్రం ఆమె మొగుడు మాటా పలుకూ లేకుండా ఇంటికొచ్చాడు. మామూలుగానే ఆయన నోట్లోంచి మాట రావాలంటే గడ్డపార కావాలి. ఆ రోజు అన్నం కూడా కెలికి వదిలేశాడు. ఆమె వదల్లేదు. పిల్లలిద్దర్నీ చదువుకి అవతల గదిలోకి తోలి, కంచం ముందు కూర్చుని, ఒక్కో ముక్కా లాగింది. అట్టపెట్టెలు చేసే ఆ ఫ్యాక్టరీకి కొత్త మిషను వస్తోందట. అట్టని కోసేదీ అదే, మడత గీతలు వేసేదీ అదే. ఇన్నాళ్ళూ కోసేందుకు ఒక మనిషి, గీతలు వేసేందుకు ఒక మనిషి ఎదురుబొదురుగా నిలబడేవారు. ఇకమీదట ఒక్కడు చాలట. గీతలు వేసేది ఈయన. కోసేది నిదానం.

నిదానం అంటే మనిషే. ఏ పనీ తొందరపడి చెయ్యడు, ఏ మాటా తొందరపడి అనడు, బస్సు కదులుతున్నా పరుగెత్తడు. అందుకని ఫ్యాక్టరీ ఆ పేరు పెట్టింది, కట్టుకున్న పెళ్ళాం కూడా దాన్నే ఖాయం చేసింది. ఎదురెదురుగా పనిచేసి చేసి ఈ ఇద్దరూ బావా అంటే బావా అనుకునేదాకా వచ్చారు. ఆ వరసన ఆడవాళ్ళిద్దరూ వదినలయ్యారు. పైగా ఆ ఫ్యాక్టరీలో ఒక అలవాటుంది. సంఘంలో అప్పు కావాలంటే షూరిటీ సంతకం పెట్టేది ఎదురు మిషను మనిషే. నాకు నువ్వు, నీకు నేను. నిదానం ఈయన అప్పుకి పెట్టాడు, నిదానం తల్లి వైద్యానికి తీసుకున్న అప్పుకి ఈయన పెట్టాడు. ఒకడు కట్టలేకపోతే రెండోవాడి జీతంలో కోస్తారు. ఇద్దరికీ జీతాలొస్తున్నంత కాలం ఆ సంతకాల గురించి ఎవరూ తలుచుకోలేదు. టైలరమ్మ కూడా తన అయిదు అప్పుల్లో దాన్ని ఆరోదిగా ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

ఇద్దరిలో ఎవరిది పోతుందో తేలలేదని మొగుడు చెప్పాడు. కొత్త మిషను వచ్చాక సూపర్‌వైజరు చెప్తాడట. అప్పటిదాకా నోరు మూసుకుని పని చేసుకోవడమే ఆయన ఆలోచన. ఆమెకి మాత్రం ఎవరిది పోకూడదో బాగా తెలుసు. పాపం నిదానం మంచివాడే, కాదనలేదు. కానీ ఇంట్లో కంచాలు నాలుగుంటే మంచితనం అయిదో కంచంలో కూర్చోవాల్సిందే.

మర్నాడు పొద్దున్నే ఆమె చెప్పులేసుకుంది. ఇంకా మంగళవారమే కదా మరి, గురువారం రాలేదు.

కిరాణా ఆయన విని, మీరు ముందుగా చెప్పారు కాబట్టి సరేనన్నాడు. ఆ రోజు నుంచి ఆమె సరుకుల మొత్తాన్ని కొట్లో అందరికీ వినపడేలా కాస్త గట్టిగా చదవడం మొదలుపెట్టాడు, అది వేరే సంగతి. మిషను షాపువాడు కొన్నాళ్ళు సగం వాయిదా కట్టుకోమన్నాడు. ఆడపడుచు కళ్ళ నీళ్ళు పెట్టుకుని, డబ్బుకి తొందరేం లేదని చెప్పి, వడ్డీకి బదులు పొద్దుగూకేదాకా సలహాలిచ్చింది. బ్యాంకులో కుర్ర ఆఫీసరు, ఇంకా జ్వరం రాకుండానే మందు అడిగే మనిషిని చూసినట్టు చూసి, ఉద్యోగం పోయాక రండి మేడమ్ అన్నాడు. ఆ మాటకి ఆమెకి ఒళ్ళు మండింది. చేతులు కాలాక ఆకులు పంచిపెట్టడానికి అంత పెద్ద ఆఫీసెందుకని దారి పొడుగునా గొణుక్కుంది.

ఆఖరికి ఫ్యాక్టరీ గేటు పక్క గదిలో ఉండే సంఘం గుమాస్తా దగ్గరికి వెళ్ళింది. అక్కడికి వెళ్ళకుండా ఉండాల్సింది. ఆ గుమాస్తా చేతికి పని తక్కువ, నోటికి పని ఎక్కువ. వాయిదాలు ఆలస్యమైతే ఏమవుతుందని ఆమె అడిగితే, మీకెందుకమ్మా బెంగ, షూరిటీ ఉన్నాడుగా, నిదానం జీతంలోంచి పట్టుకుంటాం అని నవ్వాడు. సంతకం పెట్టిన మనిషి ఒకడున్నాడని ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. నిజం చెప్పాలంటే, అక్కణ్ణుంచి నిదానం ఇల్లు రెండు వీధులవతలే. వెళ్ళొచ్చు. వెళ్ళి ఏం చెప్పాలి? నా మొగుడి ఉద్యోగం ఉండాలని కోరుకుంటున్నాను, అంటే మీ ఆయనది పోవాలని, అయినా నా మొగుడిదే పోతే మా అప్పు కాస్త మీరు కట్టండి అనా? ఆ మాటకి మూతీ ముక్కూ లేవు. ఇంటికొచ్చి మిషను తొక్కుకుంది.

గుమాస్తా పుణ్యమా అని సాయంత్రానికి ఫ్యాక్టరీ అంతా తెలిసింది. గీతల మిషను ఆయనకి ఉద్యోగం పోతోందట, పెళ్ళాం అప్పులవాళ్ళ దగ్గర గడువులు తెచ్చుకుంటోందట. నోరుజారిన మాట గుమ్మం దాటితే కాళ్ళొస్తాయి. రెండో రోజు సూపర్‌వైజరు ఈయన భుజం తట్టి, మీ ఇంట్లో అప్పుడే అన్నీ సర్దుకున్నట్టున్నారే అన్నాడట. వెటకారం కాదు, పాపం ఆయనకి తేలికపడింది. ఇద్దరిలో ఒకర్ని తియ్యాలి. తీస్తే గొడవ చెయ్యని మనిషి ఎవరా అని చూస్తున్నాడు. కనపడ్డాడు.

ఆ సాయంత్రం మొగుడు ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా అన్నాడు. "ఉద్యోగం ఇంకా బతికే ఉంది. నువ్వు మాత్రం పాడె కట్టేశావు."

జీవితంలో మొదటిసారి ఆమె సిద్ధాంతం ఎదురు తిరిగింది. బట్ట ఆలస్యమవుతుందని చెప్పడానికి ఆ బట్ట తన చేతిలో ఉంటుంది. ఈ ఉద్యోగం తన చేతిలో లేదు, మొగుడి చేతిలోనూ లేదు. దాని గురించి ముందు చెప్పడమంటే, తియ్యాలా వద్దా అని చూస్తున్నవాడికి తలుపు తీసి పట్టుకోవడమే. అందరి దగ్గరా తెలివైనదాన్ననిపించుకుని ఇంటికే ఎసరు పెట్టింది. ఆ రాత్రీ, మర్నాడూ ఇంట్లో అవసరమైన మాటలు తప్ప వినపడలేదు. పిల్లలు కూడా రిమోటు కోసం కొట్టుకోవడం మానేశారు. పిల్లలు కొట్టుకోకపోతే ఇల్లు ఎంత భయంగా ఉంటుందో ఆమెకి అప్పుడే తెలిసింది.

తర్వాత నాలుగు రోజులకి మొగుడిలో ఏదో మార్పొచ్చింది. తేలికపడ్డాడా, బరువెక్కాడా అన్నది చెప్పలేం. పిల్లలతో మాట్లాడుతున్నాడు, కానీ ఎవరి మొహమూ చూడట్లేదు. అన్నం తింటున్నాడు, కానీ రుచి అడిగితే చెప్పలేడు. కోపం చల్లారుతోందిలే అనుకుని ఆమె ఊరుకుంది.

ఒక సాయంత్రం వెలుతురుండగానే నిదానం పెళ్ళాం జాకెట్టు చేతిలో పట్టుకుని వచ్చింది. చంక దగ్గర బిగుతుగా ఉందట. టైలరమ్మ దాన్ని తిరగేసి చూసి, ఇది తాను కుట్టిన జాకెట్టే కాదని గ్రహించింది. జాకెట్టు కోసం వచ్చిన మనిషి కాదని కూడా గ్రహించి, కత్తెర పక్కన పెట్టింది.

నిదానం పెళ్ళాం నేల మీద కూర్చుని, చుట్టూ పడున్న దారపు ముక్కలు ఏరుతూ చెప్పింది. నిదానం తనంతట తాను ఉద్యోగం వదిలేస్తానని సూపర్‌వైజరుకి చెప్పేశాడట. రేపు పదింటికి మేనేజరు వస్తాడు, కాగితం మీద సంతకం పెట్టాలి. వాళ్ళు తీసేస్తే వచ్చేది తక్కువట, తానే తప్పుకుంటే కాస్త ఎక్కువిస్తారట. ఆ డబ్బుతో సంఘం అప్పు మొత్తం తీరిపోతుంది. అప్పుడు మీ ఆయన పెట్టిన షూరిటీ కూడా తెగిపోతుంది. అలా కాకుండా మీ ఆయన ఉద్యోగం పోతే, ఉన్న ఒక్క జీతంలో మా అప్పూ మీ అప్పూ రెండూ కట్టాల్సింది తానేనని, దానికంటే ఇదే మేలని నన్ను కూర్చోబెట్టి వివరించాడు అంది. మంచితనం కాదు, లెక్క అన్నాడట.

"లెక్క బాగానే ఉంది వదినా," అంది నిదానం పెళ్ళాం. "అందులో అప్పు తీరింది, షూరిటీ తీరింది. ఆ తర్వాత మేం ఏం తినాలో అందులో లేదు."

మీ అన్నయ్యకి ఈ సంగతి తెలుసా అని టైలరమ్మ అడిగింది. తెలియదట. తెలిస్తే ఒప్పుకోడని నిదానం చెప్పనేలేదట, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాడట. ఒట్టు గట్టు మీద పెట్టి వచ్చానని నవ్వబోయి, నవ్వలేకపోయింది.

లేచి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది. "మీరు కిరాణా కొట్టుకి వెళ్ళి చెప్పారు. బ్యాంకుకి వెళ్ళి చెప్పారు. సంతకం పెట్టిన మనిషి దగ్గరికి మాత్రం రాలేదు." కోపంగా అనలేదు. కోపంగా అనుంటే టైలరమ్మ ఏదో ఒకటి జవాబు చెప్పేది.

ఇక టైలరమ్మ చెయ్యాల్సింది ఒక్కటే. మొగుడు రాగానే చెప్పడం. చెప్తే ఆయన ఊరుకునే మనిషి కాదు, వెళ్ళి ఆపుతాడు. ఆపితే సూపర్‌వైజరు భుజం తట్టింది ఎవర్నో ఆమెకి తెలుసు. చెప్పకపోతే రేపు పదింటికల్లా అన్నీ సర్దుకుంటాయి. బ్యాంకు వాయిదా, మిషను, కిరాణా కొట్టు, పిల్లాడి స్కూలు, అన్నీ. ఆమె చెయ్యి కూడా కదపక్కర్లేదు. నోరు కదపకపోతే చాలు.

ఆమె కదపలేదు. ఇది చెప్పడానికి నాకు బాగాలేదు గానీ, జరిగింది అదే. మొగుడొచ్చాడు, తిన్నాడు, పడుకున్నాడు. ఆమె గిన్నెలు తోమింది, తోమిన గిన్నెల్నే మళ్ళీ తోమింది. తనకి తాను బోలెడు న్యాయం చెప్పుకుంది. ఎవరూ బలవంతపెట్టలేదు కదా, ఆయనే లెక్క వేసుకున్నాడు కదా, వాళ్ళకి పిల్లలు లేరు కదా. ఆ ఆఖరిది మనసులోకి రాగానే సిగ్గుతో ఆమె మొహం కాలిపోయింది. పిల్లలు లేనివాళ్ళకి ఆకలి తక్కువేస్తుందని ఏ పుస్తకంలో ఉంది? పిల్లాడి కాలు విరిగినప్పుడు ఆస్పత్రిదాకా ఎత్తుకుని నడిచింది నిదానమే. ఆ ఒక్క రోజే ఆ మనిషి పరుగెత్తాడని వీధంతా చెప్పుకుంది.

తెల్లారింది. మొగుడు గడ్డం గీసుకుని, చొక్కా వేసుకుని, టీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఇంకాసేపట్లో వెళ్ళిపోతాడు. ఆమె మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. దారం వదిలేసి, వెనక్కి తిరక్కుండానే మొత్తం చెప్పేసింది. నిన్న సాయంత్రం వదిన వచ్చిందని, రాత్రే చెప్పాల్సిందని, చెప్పకూడదనే చెప్పలేదని కూడా దాచుకోకుండా చెప్పింది.

ఆమె తిరిగి చూసింది. ఆయన టీ గ్లాసు వైపే చూస్తున్నాడు.

"నాకు తెలుసు," అన్నాడు.

ఎప్పట్నుంచని ఆమె అడగలేదు. ఆయనే చెప్పాడు. నాలుగు రోజుల కిందట నిదానం మిషను ఆపి, అట్టల చాటుకి తీసుకెళ్ళి, అందరికంటే ముందు ఆయనకే చెప్పాడట. వద్దు బావా అని అన్నాడట ఈయన.

"అన్నాను. ఒక్కసారే అన్నాను. రెండోసారి అంటే వాడు వింటాడేమోనని భయమేసింది."

అని, గ్లాసు కిటికీలో పెట్టి, మొహం అరచేత్తో తుడుచుకున్నాడు. టైలరమ్మకి ఆ క్షణం మొగుడి మీద వచ్చినంత జాలి పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదు. తన మీద తనకి వచ్చినంత అసహ్యమూ రాలేదు. ఒకే కంచంలో తినేవాళ్ళిద్దరూ ఒకే తప్పుని చెరో మూల దాచుకుని, రెండోవాళ్ళ ముందు మంచిగా నడిచారు. తిలా పాపం తలా పిడికెడన్నారు. విడివిడిగా ఎవరి పిడికెడు వాళ్ళు మింగెయ్యగలిగారు. పక్కపక్కన పెట్టి చూసుకున్నాక మాత్రం ఇక మింగుడుపడలేదు.

ఆయన చెప్పులేసుకున్నాడు. ఆమె కొంగుకంటిన దారాలు దులుపుకుని, నేనూ వస్తానంది. వద్దనలేదు.

ఇద్దరూ నిదానం ఇంటికి నడిచారు. తలుపు తీసింది నిదానం పెళ్ళామే. లోపల నిదానం ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంతకం పెట్టడానికి వెళ్ళే పెద్దమనిషిలా తయారై, ఒక్కో గుండీ పెట్టుకుంటున్నాడు. తలుపు తీసిన మనిషి మొహం వెలిగింది. అన్నయ్యకి చెప్పేశారన్నమాట అని టైలరమ్మ చెయ్యి పట్టుకుంది. సంగతి తెలిస్తే అన్నయ్య ఒక్క నిమిషం ఆగడని తనకి తెలుసంది.

ఆ నమ్మకాన్ని అలాగే ఉండనివ్వచ్చు. ఎవరికీ నష్టం లేదు. నిదానం లోపల్నుంచి కళ్ళతో అదే చెప్తున్నాడు, ఊరుకో బావా అని. తన పెళ్ళాం దగ్గర స్నేహితుడి పరువు పోకూడదని ఆ మనిషి అబద్ధమాడాడు, తొందరపడకుండా, ఆలోచించి మరీ ఆడాడు.

"నాకు నాలుగు రోజులుగా తెలుసు చెల్లెమ్మా," అన్నాడు టైలరమ్మ మొగుడు. "నాకే ముందు చెప్పాడు. నేనే ఊరుకున్నాను."

చెయ్యి పట్టుకున్న చెయ్యి వదులైంది. నిదానం పెళ్ళాం మొగుడి వైపు చూసింది, ఈయన వైపు చూసింది, చివరికి టైలరమ్మ వైపు చూసింది. మీరు కూడానా అని అడుగుతున్నట్టనిపించి, టైలరమ్మ అడక్కముందే తలూపింది. తాను రాత్రంతా ఊరుకున్నానంది. నీ దగ్గరికి మొదటి రోజే రావాల్సింది వదినా అంది.

అక్కడ ఎవరూ ఏడవలేదు, ఎవరూ కౌగిలించుకోలేదు. నిదానం పెళ్ళాం చాలాసేపు గుమ్మంలోనే నిలబడింది. తర్వాత పక్కకి జరిగింది. లోపలికి రమ్మనలేదు, జరిగింది అంతే.

నిదానం మాత్రం లెక్క మారదన్నాడు. సూపర్‌వైజరుకి మాటిచ్చానన్నాడు. టైలరమ్మ మొగుడు గడ్డపారలేవీ లేకుండానే ఆ రోజు మాట్లాడాడు. సంతకానికి ఇద్దరం కలిసి వెళ్దాం, తప్పుకునేవాడు ఎవడూ లేడని చెప్దాం, వాళ్ళకి ఎవడు అక్కర్లేదో వాళ్ళనే చెప్పనిద్దాం. ఎవరిది పోయినా వచ్చిన డబ్బు కూర్చుని తినడానికే, అప్పుకి కాదు. మిగిలినవాడి జీతంలో రెండు వాయిదాలూ కోయించుకుందాం. నిదానం ఒక్కో మాటా విన్నాడు. విని, నీది పోతుంది బావా, నీదే పోతుంది, వాళ్ళు అప్పుడే అనుకున్నారు అన్నాడు. తెలుసన్నాడు ఈయన. టైలరమ్మకీ తెలుసు. ఇంటి నుంచి బయల్దేరినప్పుడే తెలుసు. నిదానం ఆమె వైపు చూసి, నీకూ ఇది సమ్మతమేనా చెల్లాయ్ అన్నట్టు ఆగాడు. ఆమె సమ్మతమేనంది.

మగవాళ్ళిద్దరూ వెళ్ళారు. వీధి చివరిదాకా కనపడ్డారు, నిదానం నడిచే తీరున రెండోవాడూ అడుగు తగ్గించి నడుస్తూ.

టైలరమ్మకి ఇంటి దగ్గర పన్నెండింటికల్లా ఇవ్వాల్సిన బట్టలున్నాయి. వెళ్ళలేదు. వంటింటి గుమ్మంలో నిదానం పెళ్ళాం చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. టైలరమ్మ ఎదురుగా కూర్చుని, అడక్కుండానే చేటలోంచి ఒక దోసెడు తన ముందుకి లాక్కుంది. నిన్నటిదాకా ఎవరి ఉద్యోగం పోకూడదో ఆమెకి బాగా తెలుసు. ఇప్పుడు ఎవరి కోసం దండం పెట్టుకోవాలో తెలియట్లేదు. ఎదుటి మనిషికీ తెలియట్లేదని ఆమె వేళ్ళు చూస్తే తెలుస్తోంది. ఇద్దరూ తలెత్తకుండా బియ్యం ఏరుకుంటూ, వాకిట్లో గేటు చప్పుడు కోసం కూర్చున్నారు.